నల్ల గొంగడికి నారింజ గుడ్డ

నా మొగుడు తన కన్నతండ్రిని ఎలుగుబంటి అనుకొని కాలుస్తాడేమోనని నా భయం. దీనికంటే పెద్ద భయం నాకు లేదు. పిల్లకు జ్వరం వస్తుందని, జీవాలకు రోగం తగులుతుందని, ఇంట్లోకి పాము దూరుతుందని కూడా భయపడతాను. కానీ అవన్నీ దీని తర్వాతే.

మా అక్కకు చెబితే పకపకా నవ్వింది. మనిషికీ ఎలుగుకూ తేడా తెలియదా అంది. ముసురు పట్టిన రోజున మా మామ బీరన్నను మందలో చూసి ఉంటే నవ్వేది కాదు. నల్ల గొంగడిని మడిచి నెత్తిన కొప్పెర వేసుకుంటాడు. ముఖం కనపడదు, చేతులు కనపడవు, మోకాళ్ల దాకా నలుపే. నడుము వంగిపోయింది. ఈనుతున్న గొర్రె పక్కన గొంతుకూర్చున్నాడంటే పొద చాటున ఏదో నల్లటిది అటూ ఇటూ ఊగుతున్నట్టే ఉంటుంది. కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవి ఆయనకు ఇష్టమున్నప్పుడు పనిచేస్తుంది. వెనక నుంచి పిలిస్తే పలకడు.

మాది అచ్చంపేట అవతల, అడవి అంచున ఉన్న ఊరు. తునికిపండ్లకూ చెదపుట్టలకూ ఎలుగులు నిజంగానే వస్తాయి. వాటిని చూసి మామ ఎన్నడూ తుపాకి కావాలనలేదు. చప్పట్లు కొట్టేవాడు, కుక్కను ఉసిగొల్పేవాడు, మందను మళ్లించేవాడు. మా ఇంటికి తుపాకి వచ్చింది ఎలుగుల వల్ల కాదు, తెల్ల కారు వల్ల.

పోయిన ఎండాకాలం రోడ్డు పక్కన మంద మేస్తుంటే ఆ కారు వచ్చి ఆగింది. ముందు కూర్చున్నవాడు మా ఆయన పరశురాములును దారి అడిగాడు. ఈయన చెయ్యెత్తి దారి చూపుతుండగానే వెనక దిగిన ఇద్దరు రెండు పొట్టేళ్లను డిక్కీలోకి ఎత్తేశారు. అడ్డం పోతే చెంప మీద కొట్టారు. కింద పడేసి మళ్లీ కొట్టారు. పొట్టేళ్లు పోయాయని ఇంట్లో చెప్పాడు. కొట్టారని నాకు చెప్పలేదు. ఫోన్లో డానియల్‌కు చెబుతుంటే తలుపు చాటు నుంచి విన్నాను.

డానియల్, ఈయన చిన్నప్పుడు ఒకే బెంచీ. డానియల్ చదువుకొని అమెరికాలో భూములు కొలిచే కంపెనీలో చేరాడు. చల్లటి గదిలో కూర్చునే కొలువు కాదు. కొలత మిషను భుజాన వేసుకొని కొండల్లో, అడవుల్లో తిరగాలి. ఈయన బాధ విని ఓదార్చడానికో ఏమో, ఒక ఫొటో పంపాడు. అందులో డానియల్ గడ్డిలో నిలబడి ఉన్నాడు. నడుముకు తోలుసంచీ, సంచీలో పిస్తోలు.

"చూసినవా పుష్పా? పని మీద బయటికి పోయెటోడు గిట్ల పోవాలె. ఎవడన్న చెంప మీద కొడ్తడా?" అన్నాడు మా ఆయన, ఫొటో నాకు చూపిస్తూ.

"అది అమెరికా. ఆడ దుకాణంల దొరుకుతదట. ఈడ నీ దగ్గర దొరికితే నువ్వే పోలీసులకు దొరుకుతవ్."

నవ్వాడు. కానీ ఆ ఫొటోను వేళ్లతో సాగదీసి, నడుము దగ్గరే ఆపి చూడటం మానలేదు. అన్నం తింటూ చూసేవాడు. పిల్లను జోకొడుతూ చూసేవాడు.

తర్వాత కొద్ది రోజులకు ఆయన గొంగడి మీద నాకు అనుమానం మొదలైంది.

మా ఇంట్లో గొంగళ్లు ఎండకు వేసేది నేనే. దులిపి గోడమీద పరిచేది నేనే. ఒకరోజు తన గొంగడి ముట్టుకోబోతే గుంజుకున్నాడు. "నేనేసుకుంట పో" అన్నాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా దాన్ని చుట్టగా చుట్టి తలకింద పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పిల్ల దగ్గరికి పోతే కసురుకునేవాడు. అంతకుముందు ఆ పిల్ల ఆ గొంగడి మీదే పడుకునేది.

సారా సీసా అనుకున్నాను. ఇంకో ఆడదాని వస్తువేదో దాచాడని కూడా అనుకున్నాను. ఎక్కడెక్కడ మంద నిలిపారు, ఎవరి చేలో నిలిపారు, ఆ ఇంట్లో ఎవరెవరుంటారని మాటల్లో పెట్టి అడిగాను. ఆయన పక్కన కూర్చుంటే అగ్గిపుల్లల వాసన, ఇనుప తుప్పు వాసన వచ్చేది. బీడీ తాగడు. మరి ఆ వాసన ఎక్కడిది?

మామను అడిగాను. "మామా, నీ కొడుకు ఏమన్న మారిండా?"

"ఏంది, మబ్బు పట్టిందా?" అన్నాడు.

"మబ్బు గాదు మామా, నీ కొడుకు!"

"వాడు పుట్టినప్పటి సంది మబ్బే," అని నవ్వుకుంటూ పోయాడు. విన్నాడో లేదో ఇప్పటికీ తెలియదు.

బయటపెట్టింది మూడేళ్ల మా నాగరాణి. ఆయన బావి దగ్గర స్నానం చేస్తున్నాడు. నేను పొయ్యి దగ్గరున్నాను. పిల్ల గొంగడి కొస పట్టి మంచం మీది నుంచి గుంజింది. మెత్తటి గొంగడి పడితే చప్పుడు రాకూడదు. ధన్‌మని వచ్చింది. పరుగెత్తి చూస్తే పిల్ల దానిమీద గుర్రం ఎక్కినట్టు కూర్చొని ఉంది. ఎత్తి పక్కన దించి గొంగడి విప్పాను. మోచేతి పొడవున్న ఇనుప గొట్టం, దానికి కర్రపిడి. నాటు తుపాకి.  పిల్లను చంకనెత్తుకున్నాను.

ఆయన తడి తువ్వాలతో వచ్చి నన్నూ తుపాకినీ చూశాడు.

"ఏడికెల్లి తెచ్చినవ్?"

"నీకెందుకు?"

"నాకెందుకా? నీ బిడ్డ దాని మీద గూసున్నది!"

"మందు కూరలేదు. ఉత్తదే."

"ఉత్తదైతే ఎందుకు మోస్తున్నవ్? పాత ఇనుపసామాన్లోడికియ్యి."

"జర మెల్లగ మాట్లాడే! గోడలకు చెవులుంటయి." గొంగడి చుట్టి చంకన పెట్టుకున్నాడు. "కారోళ్లు మళ్ల వస్తరు. అప్పుడు నువ్వొచ్చి ఆపుతవా?"

 కారువాళ్లు మళ్లీ రారని ఎవరు చెప్పగలరు? పోలీసులకు చెబితే ముందు లోపలికి పోయేది ఈయనే. మందను ఎవరు కాయాలి? నోరు మూసుకున్నాను. కానీ ఆ రోజు నుంచి ఆయన ఏం చెప్పినా నమ్మకుండానే వింటున్నాను.

ముసురు పట్టిన రోజు సంగతి చెబుతాను.

మంద గుట్ట కింద మేస్తోంది. పిల్లను చంకనెత్తుకొని, సద్ది గిన్నె పట్టుకొని వెళ్లాను. పొద్దున పూటే, కానీ మబ్బుకు మసకగా ఉంది. దూరం నుంచి పరశురాములు కనిపించాడు. బండ చాటున మోకాలి మీద కూర్చొని ఉన్నాడు. గొంగడి పక్కన పడి ఉంది. తుపాకి భుజానికి ఆనించి ఎదురుగా మోదుగు పొదవైపు పెట్టాడు.

పొద వెనక నల్లటిది ఊగుతోంది.

నాకూ ఒక్క క్షణం ఎలుగే అనిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ నా కళ్లు పక్కనున్న గొర్రెల మీద పడ్డాయి. తలలు దించుకొని మేస్తున్నాయి. ఎలుగు వాసన తగిలితే జీవాలు మేస్తాయా? ఒకదాని మీద ఒకటి పడి ముద్దవుతాయి. ఈ మాట మా పెళ్లయిన కొత్తలో నాకు నేర్పింది ఈయనే. తుపాకి రాకముందు ఏ చప్పుడైనా ముందు మంద వంకే చూసేవాడు. ఇప్పుడు గొట్టం చివర తప్ప ఇంకేమీ చూడటం లేదు.

"మంద కదలలే! ఓయ్, మంద కదలలేదయ్యా!" గొంతు చిరిగేలా అరిచాను.

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. గొర్రెలను చూశాడు. గొట్టం కిందికి దిగింది.

పొద వెనక నుంచి మామ లేచాడు. చేతుల్లో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల, ఒంటి మీది మాయ పొర కూడా ఇంకా పోలేదు. కొప్పెర వెనక్కి తోసి మావైపు చూశాడు. అప్పటికి ఆయన కొడుకు తుపాకిని గొంగడి కింద తోసేశాడు.

"ఏంది బిడ్డా, నోరు గట్ల తెరిచినవ్? సద్ది పారబోసినవా?"

నిజంగానే పారబోశాను. గిన్నె ఎప్పుడు జారిందో తెలియదు.

"ఆడపిల్లనే," అని గొర్రెపిల్లను ఎత్తి చూపించి మురిసిపోయాడు ముసలాయన.

తిరుగు దారిలో పరశురాములు నా వెంట కొంతదూరం వచ్చాడు.  "బాపుకు చెప్పకు," అన్నాడు. "దాన్ని డిండి చెరువుల పారేస్త. నాగరాణి మీద ఒట్టు."

"పిల్ల మీద ఒట్టెందుకు పెడ్తవ్? పోయి పారెయ్యి."

రెండు రోజులకు పారేశానన్నాడు. నిజమేనా? ఎక్కడ పారేశావంటే ఒకసారి కట్ట మీది నుంచి అన్నాడు, ఇంకోసారి తూము దగ్గర అన్నాడు. గొంగడి మాత్రం ఇంటికి తేవడం మానేశాడు.

ఉండబట్టలేక మా ఆయన ఫోన్ తీసుకొని డానియల్‌కు నేనే వీడియో కాల్ చేశాను. అప్పటిదాకా డానియల్‌తో మాట్లాడింది లేదు.

"ఏం వదినె, పర్శిగాడు మంచిగున్నడా?" అన్నాడు. చుట్టూ గడ్డి, వెనక కొండలు. పనిలో ఉన్నట్టున్నాడు. ఒంటి మీద కళ్లు చెదిరే నారింజ రంగు జాకెట్.

"నీ ఫొటో చూసి మీ దోస్తు పిస్తోలు పిచ్చిల పడ్డడన్నా," అన్నాను. అంతకంటే ఎక్కువ చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఫోన్లు ఎవరైనా వింటారేమో.

డానియల్ ముఖం మాడింది. "అయ్యో వదినె! నేనేదో గొప్పలు కొట్టుకున్న. ఈ పిస్తోలుకు లైసెన్సు కాయిదం ఉన్నది, కాల్చుడు నేర్పిస్తరు. అయినా ఇన్నేండ్లల ఒక్కనాడు సంచీల నుంచి బయటికి తియ్యలే."

"మరి రోజూ ఏం కాపాడ్తది?"

"గిది." జాకెట్ పట్టుకొని గుంజి చూపించాడు. "గిది తొడుక్కోకుంటే మమ్మల్ని పనిల దిగనియ్యరు. వేటగాళ్లు తిరుగుతరు గదా, దూరం నుంచే మనిషని తెలవాలె."

"ఎలుగులకు భయపడవా అన్నా?"

"ఎలుగు కన్న పక్కోడి తుపాకికే ఎక్కువ భయమైతది వదినె."

ఫోన్ పెట్టేసి పాత ఫొటో మళ్లీ చూశాను. అందులోనూ ఆ జాకెట్ ఉంది. ఈయన నడుము దగ్గరే సాగదీసి చూశాడు కాబట్టి పైన ఉన్న నారింజ రంగు ఎన్నడూ కనపడలేదు. అక్కడ తుపాకి పట్టినవాళ్లు అంత దూరానికి మెరిసే బట్ట వేసుకుంటారు. మా దగ్గర తుపాకి మాత్రం వచ్చింది. బట్ట నల్ల గొంగడే.

నాకొక నారింజ రంగు నైలాన్ చీర ఉంది. కొంగు చింపి, నాలుగు మడతలు పెట్టి కుట్టాను. కొప్పెర మీద చుట్టి ముడేస్తే ముందు నుంచీ వెనక నుంచీ కనపడేటట్టు చేశాను. తీసుకెళ్లి మామకిచ్చాను.

"గిదేంది? నన్ను పోతరాజును జేస్తవా?"

"సలికి మామా. చెవులకు గాలి తగలకుంట."

"చెవులే లేవు, ఇంక గాలెక్కడిది? మన కులదేవుడు బీరప్ప ముందర పరిచే గొంగడి బిడ్డా ఇది. రంగు గుడ్డలు కడ్తరా? మందల మనుషులు లేకున్నా జీవాలే నవ్వుతయి."

నిజం చెప్పలేను. నీ కొడుకు నిన్ను కాల్చబోయాడని ఏ కోడలు ఏ మామతో చెబుతుంది? నాగరాణిని ముందుకు తోశాను. పిల్ల రెండు చేతులతో ఆ గుడ్డను తాత నెత్తిన చుట్టి, ముడి రాక, నోటితో కొరికి గుంజింది.

"మంచిగున్నవ్ తాతా," అంది.

ముసలాయన దాన్ని ఇంట్లో ఉన్నన్నాళ్లూ తీయలేదు.

పరశురాములు అది చూశాడు. ఎందుకు కట్టానో ఆయనకు తెలుసు. తల దించుకొని, మేతకు కొమ్మలు కోసే దొరటు కర్రకు కొడవలి బిగించుకుంటూ కూర్చున్నాడు. నిజంగా తుపాకి పారేసి ఉంటే, "ఇప్పుడు గుడ్డ ఎందుకే?" అని అడిగేవాడు కదా? అడగలేదు. అదే నన్ను కాల్చుకు తింటోంది.

చలికాలం మొదలవగానే తండ్రీకొడుకులు మందను తోలుకొని డిండి దాటి దేవరకొండ వైపు వెళ్లిపోయారు. కోతలైన చేలల్లో మంద నిలుపుకుంటూ పోతారు. వాళ్లిద్దరికీ ఫోన్ ఒక్కటే, అది ఈయన దగ్గరే. సగం రోజులు కలవదు. కలిసినప్పుడు, "మామ గుడ్డ కట్టుకున్నడా?" అంటాను. "కట్టుకున్నడు," అంటాడు. "ఒక్క ఫొటో పంపు," అంటే సిగ్నల్ లేదంటాడు. తెలిసినవాళ్ల పెళ్లికి పోయి వచ్చిన ఒకామె, దారిలో మా మందను చూశానంది. గుడ్డ ఉందా అని అడిగాను. పొగమంచులో నల్ల గొంగళ్లే కనపడ్డాయి, ఎవరు తండ్రో ఎవరు కొడుకో తెలియలేదు, అంది.

అడవి అంచునే ఉంటారు అక్కడ కూడా. పొద్దున పూట మంచు కమ్మి ఉంటుంది. గొర్రెలు ఈనే కాలం. మామ ఏ పొద వెనకో కూర్చొనే ఉంటాడు.

చిన్నపిల్లతో నేను అంత దూరం పోలేను. అందుకే ఇది చదివినవాళ్లను అడుగుతున్నాను. దేవరకొండ దారిలో ఎర్రమట్టి గుర్తులు వేసిన గొర్రెల మంద కనపడితే బండి ఆపండి. రోడ్డు మీది నుంచే గట్టిగా కేకేయండి. మిమ్మల్ని కారులో వచ్చిన దొంగలనుకోకుండా చేతులు పైకెత్తి చూపించండి. నడుము వంగిన ముసలాయన ఉంటాడు, పేరు బీరన్న. వెనక నుంచి పిలవకండి, వినపడదు. ముందుకు పోయి చూడండి. కొప్పెర మీద నారింజ గుడ్డ ఉందా? ఉంటే దాని మీద నల్లదారంతో నా ఫోన్ నెంబరు కుట్టి ఉంటుంది. ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వండి, చాలు.

గుడ్డ లేకపోతే నెంబరు కూడా ఉండదు. అప్పుడు ఆ ముసలాయన పక్కనే కాసేపు నిలబడండి. కొడుకు మీ ఇద్దరినీ సరిగ్గా చూసేదాకా కదలకండి.