ముప్ఫై ఒకటో టిక్కు

దువ్వెన పళ్ల మధ్య ఇరుక్కున్న కూతురి జుట్టును ఆమె వేలితో లాగి ఉండ చుడుతుంటే, అత్తగారు సోఫాలోంచి కదలకుండానే తీర్పు చెప్పేసింది.

"నీ చెయ్యి పడితే గడ్డి కూడా మొలవదమ్మా. పుట్టినప్పుడు ఎంత జుట్టుండేది దానికి! నా చేతుల్లో ఉన్నన్నాళ్లూ ఒక్క వెంట్రుక రాలితే ఒట్టు."

ఆవిడ చేతుల్లో పిల్ల ఎన్నాళ్లుందో ఆమెకు బాగా గుర్తు. పదకొండు రోజులు. పన్నెండో రోజున ఆవిడకు నడుం పట్టేసింది. ఎనిమిదేళ్లయినా ఆ పట్టు వదల్లేదు, అదీ పిల్లని ఎత్తుకోమన్నప్పుడే పడుతుంది. ఈ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. మింగడం ఆమెకు కొత్తేం కాదు.

ముందు స్టూలు మీద కూర్చున్న కూతురు కిటికీలోంచి ఎటో చూస్తోంది. పుట్టినప్పుడు పిడికెడంతే ఉందని పిచ్చుక అన్నారు, ఆ పేరే ఉండిపోయింది. నడినెత్తిన రూపాయి బిళ్ల మేర ఖాళీ. చెవుల పైన చర్మం కనిపిస్తోంది. మిగిలిన జుట్టు ఎండిపోయి, పట్టుకుంటే గరగరమంటోంది. జడ వేద్దామంటే మూడు పాయలకు చాలడం లేదు. రెండు క్లిప్పులు పెట్టి వదిలేసింది.

"క్లాసులో నన్ను తాతయ్యా అంటున్నారమ్మా" అంది పిచ్చుక, ఎవరి గురించో చెబుతున్నట్టు. "నిన్న టీచరు కూడా నవ్వింది."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ టీచరు మీద, ఆ పిల్లల మీద, చివరికి తిరిగి తిరిగి తన మీదే. నిజంగా తన చేతిలోనే ఏదో ఉందేమోనని ఈమధ్య ఆమెకే అనుమానం. మెత్తటి దువ్వెన కొంది. రబ్బరు బ్యాండ్లు మానేసింది. తల రుద్దేటప్పుడు వేళ్ల బరువు ఎంతుందోనని తన చేతిని తనే పరాయిదానిలా చూసుకుంటోంది.

జబ్బు పేరు తెలిసి రెండు నెలలు దాటింది. అప్పటిదాకా ఇంట్లో అందరూ దానికి పెట్టిన పేరు బద్ధకం. పిల్ల బడినుంచి రాగానే ముడుచుకుని పడుకుంటే "బద్ధకం, వాళ్లమ్మ పోలిక" అన్నాడు భర్త. ఉదయం నాలుగున్నరకు లేచి వంట చేసి, ఆరింటికి బస్సెక్కే మనిషి పోలిక బద్ధకమట! ఎండలో కూడా పిల్లకు చలి వేస్తే గారాబం అన్నారు. ఒళ్లు ఉబ్బితే తిండి ఎక్కువ పెడుతున్నావన్నారు. ఒకరోజు ఆమె సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా రక్తపరీక్ష చేయించింది. థైరాయిడ్ గ్రంథి పని చెయ్యాల్సినంత చెయ్యడం లేదని తేలింది. "రోజూ ఒక్క మాత్ర, జీవితాంతం. పరగడుపున, నీళ్లతో. తర్వాత గంటదాకా పాలూ టిఫినూ ఏమీ వద్దు. జుట్టు దానంతటదే వస్తుంది, కాస్త ఆలస్యమవుతుంది" అన్నారు డాక్టరుగారు. వంద మాత్రల డబ్బా రాసిచ్చారు.

మొదటి పది రోజులు ఆమే వేసింది. అయిదుంబావుకు లైటు వేసి, పిల్లని లేపి కూర్చోబెట్టి, మాత్ర మింగేదాకా చూసి, మళ్లీ పడుకోబెట్టి పనికి పోయేది. పదకొండో రోజు భర్త దుప్పటి విసిరికొట్టాడు.

"ఇది ఇల్లా, రైల్వే స్టేషనా? పొద్దున్నే ఈ లైట్లేంటి! ఏడింటికి నేను వేస్తాలే. ఒక్క మాత్రకి ఇంత హడావుడా?"

నిజం చెప్పొద్దూ, ఆమె సంతోషించింది. ఒక పని, ఒకే ఒక్క పని, అడక్కుండానే ఆయన మీదేసుకున్నాడు! ఆఫీసు నుంచి తెచ్చిన రెండు ఖాళీ ఫారాల మీద పైన పిచ్చుక పేరు రాసి, తారీకు ఎదురుగా రోజూ టిక్కు పెట్టమంది. కాగితాలూ, మాత్రల డబ్బా ఆయన తన బీరువాలో పెట్టుకున్నాడు. "నువ్వు ఇక్కడ కూడా తనిఖీలు మొదలుపెట్టకు. ఇక్కడెవరూ నీ కింద పనిచెయ్యడం లేదు" అని నవ్వాడు. ఇంటికి ఎవరొచ్చినా, "పాప మందుల డ్యూటీ నాదేనండీ" అని చెప్పుకునేవాడు. వచ్చినవాళ్లు ఆమె వైపు చూసి, "అదృష్టవంతురాలివమ్మా" అనేవారు. ఎనిమిదేళ్లుగా ఆమె చేసిన డ్యూటీలకు మాత్రం ఆయన అదృష్టవంతుడని ఎవరూ అన్న పాపాన పోలేదు.

ఆమె పది అంతస్తుల ఆఫీసులో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు. ప్రతి బాత్రూము తలుపు వెనకా ఒక ఫారం ఉంటుంది. కడిగినవాళ్లు కడిగిన రోజు ఎదురుగా టిక్కు పెట్టాలి. వెనక ఆమెను అందరూ టిక్కుల మేడమ్ అంటారు, అది ఆమెకు తెలుసు. రోజూ పెట్టిన టిక్కులు ఒక్కలా ఉండవు. ఒకరోజు పెన్ను గీయదు, ఒకరోజు చెయ్యి తడిగా ఉంటుంది. ఒక్కసారే కూర్చుని పెట్టేసినవి మాత్రం డ్రిల్లులో నిలబడ్డట్టు వరసగా ఉంటాయి. పైగా ఆ ఫారంలో ఎప్పుడూ ముప్ఫై ఒక్క గళ్లుంటాయి. ముప్ఫై రోజుల నెలలో చివరి గడి కొట్టెయ్యాలి. దొంగ టిక్కులవాళ్లు ఊపులో దాన్నీ నింపేస్తారు. పోయినేడాది మూడో అంతస్తు అతను అలాగే దొరికాడు.

"చెయ్యి జారింది మేడమ్" అన్నాడతను.

"జారితే ఒకటి జారుతుందయ్యా. ముప్ఫై ఒకటీ జారతాయా?" అందామె. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

ఒకటో తారీకున డాక్టరుగారి దగ్గరకు ముగ్గురూ వెళ్లారు. ఈసారి భర్త కూడా వస్తానన్నాడు, తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో ఫైలు పట్టుకుని. డాక్టరుగారు కొత్త రిపోర్టు చూసి కళ్లజోడు తీశారు.

"ఇదేంటమ్మా? జబ్బు తగ్గాల్సింది పోయి పెరిగింది. మాత్ర వేస్తున్నావా, మర్చిపోతున్నావా? ఉద్యోగం ఉద్యోగమే, పిల్ల పిల్లే. తల్లివి కదా, నువ్వే ఇలా చేస్తే ఎలా?"

ఆయన ఒక్కసారైనా తండ్రి వైపు చూడలేదు. పక్కనుంచి భర్త నిట్టూర్చాడు.

"నేనూ అదే చెప్తుంటాను డాక్టరుగారూ. దీనికి ఇంటి ధ్యాస తక్కువ. కానీ మాత్రల సంగతి మాత్రం నేనే చూస్తున్నా. చూడండి, రాసిపెట్టాను కూడా."

ఫైలు తెరిచి రెండు ఫారాలూ బల్ల మీద పరిచాడు. డాక్టరుగారు తల ఊపారు. "అయితే డోసు చాలడం లేదన్నమాట. రెట్టింపు చేద్దాం" అని చీటీ అందుకున్నారు.

ఆమె ఆ కాగితాలు చూడటం అదే మొదటిసారి. పై కాగితం పోయిన నెలది. నీలం సిరా, డ్రిల్లులో నిలబడ్డ టిక్కులు. చూపు దానంతటదే కిందికి జారింది. పోయిన నెలకు ముప్ఫై రోజులే. ముప్ఫై ఒకటో గడిలో కూడా టిక్కు ఉంది.

ఒక్క క్షణం ఆమెకు ఏమీ వినిపించలేదు. కళ్లలో నీళ్లు వస్తాయనుకుంది. రాలేదు. వచ్చింది కోపం, అరికాలి నుంచి నడినెత్తిదాకా.

"రాయకండి డాక్టరుగారూ" అంది.

మందులు కూడా తెమ్మన్నారని డబ్బా ఆమె సంచిలోనే ఉంది. ఉదయం బీరువాలోంచి భర్తే తీసిచ్చాడు, మూత కూడా తెరవకుండా. ఆమె మూత తిప్పి మాత్రలన్నీ బల్ల మీద పోసింది. పదేసి చొప్పున వేలితో పక్కకు తోసింది. ఎనభై ఎనిమిది.

"వంద ఉండాలి మొదట్లో. పది నేను వేశాను. ఈయన డ్యూటీ తీసుకుని అరవై ఒక్క రోజులు. ఖర్చయినవి రెండు."

రెండు రోజులు మాత్రం మహానుభావుడు శ్రమపడ్డాడన్నమాట.

"ఎక్కడో పొరపాటు జరిగి..." అన్నాడు భర్త.

"జరిగితే ఒకరోజు జరుగుతుంది. లేని రోజుక్కూడా టిక్కు పెట్టారు మీరు."

"ఇంటి గుట్టు బజారున పెడతావా?"

"బజారు కాదిది, ఆసుపత్రి. మీ టిక్కులు నమ్మి పిల్లకు డోసు రెట్టింపు చెయ్యబోయారు."

డాక్టరుగారు పెన్ను కింద పెట్టి మొదటిసారి తండ్రి వైపు తిరిగారు. భర్త చొక్కా కాలరు సర్దుకున్నాడు. "అమ్మ వద్దందండీ. ఆడపిల్లకు జీవితాంతం మాత్రలంటే రేపు ఎవడు చేసుకుంటాడని భయపడింది. పెద్దావిడ మనసు కష్టపెట్టడం ఎందుకని... ఈవిడకు చెబితే రాద్ధాంతం చేస్తుందని..."

"నాకు తెలుసు" అంది పిచ్చుక, చిన్నగా. "మాత్ర డబ్బాలోనే ఉంటుందన్నాడు నాన్న. నీకు చెప్పొద్దన్నాడమ్మా. చెబితే నువ్వు ఉద్యోగం మానేసి ఏడుస్తావన్నాడు."

రెండు నెలలు. రెండు నెలలు ఆ పిల్ల తాతయ్యా అనిపించుకుంటూ, ఆ మాట కడుపులో దాచుకుంది. తల్లి ఏడవకూడదని! భర్తా, అత్తగారూ మాత్రం ఒకరు మాత్ర ఆపి, ఒకరు సోఫాలో కూర్చుని, ఆమె చేతికి జబ్బు అంటగట్టారు. ఆమె తన చెయ్యి చూసుకుంది. ఫినాయిలుకు గరుకెక్కిన చెయ్యి. దానికి ఏ రోగమూ లేదు.

"పాత డోసే కొనసాగిద్దాం" అన్నారు డాక్టరుగారు. చీటీ రాస్తూ, "ఇందాక నేనూ తొందరపడ్డానమ్మా" అన్నారు. ఆమె ఫరవాలేదనలేదు. ఆ రెండు కాగితాలూ పాప ఫైల్లో పెట్టించమని మాత్రం అడిగింది.

ఇంటికి రాగానే సంగతి విన్న అత్తగారు, "మగాడిని నలుగురిలో నిలబెట్టి కడిగేస్తావా? ఎంత పొగరు!" అంది. "కడగడం నా వృత్తి అత్తయ్యా" అంది ఆమె.

మర్నాడు అయిదుంబావుకు ఆమె పడకగదిలో లైటు వేసింది. ఆ తర్వాత అత్తగారు పడుకున్న హాల్లో వేసింది. వంటింట్లో, వరండాలో, బాత్రూములో, ఇంట్లో ఎన్ని స్విచ్చులున్నాయో అన్నీ వేసింది. పిచ్చుక కూర్చుని కళ్లు నులుముకుంటూ మాత్ర మింగింది. తల్లి పెన్ను చేతికిస్తే కొత్త కాగితం మీద తనే టిక్కు పెట్టింది, వంకరగా, గడి దాటి.

"ఆర్పు! నిద్ర పాడవుతోంది!" అని అరిచాడు భర్త దుప్పటిలోంచి.

"పాడవనివ్వండి" అందామె. "జీవితాంతం వెయ్యాల్సిన మాత్ర ఇది."