రెండు చుక్కలు

నగర్తపేటలోని ఇంట్లో రంజిత ఒక్కనాడూ రోలు ముట్టలేదు. బొమ్మసంద్రలో ఆమె పనిచేసే మందుల కంపెనీ ల్యాబులో మాత్రం మూడు వారాలుగా కల్వంలో పొడులు నూరుతోంది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి వాళ్ల అవ్వ జయమ్మకు పండగే.

"ఎమ్మెస్సీ చదివింది నూరేదానికా అమ్మీ? మేము ఊరికే నూరుతా ఉంటిమి, ఒక్కరూ జీతమియ్యలేదు."

రంజిత రెండు అరచేతులూ చాపింది. "ఇవి చూడవ్వా. ఒకే మాదిరి ఉండాయి గానీ కుడి గ్లవుజు ఎడమ చేతికి పట్టదు. మా మందులో అణువులూ అట్లే రెండు రకాలు. కుడిది మూర్ఛ తగ్గిస్తాది, ఎడమది ఊరికే తల తిప్పుతాది. తయారయ్యేది రెండూ కలిసే. కుడిదానితో మాత్రమే జతకట్టి స్ఫటికమయ్యే తోడు దొరికితే రెండిటినీ వేరు చెయ్యొచ్చు."

"దొరికిందా?"

"ముప్పై చూసినా. ఒక్కటీ కుదర్లేదు."

"మీ మందుకు మిడిసిపాటు ఎక్కువే," అంది జయమ్మ.

ముప్పై ఒకటోది చింతపండులో ఉండే ఆమ్లం. దాన్ని పరీక్షలకని కొద్దిగా కొని తెచ్చిన కుడి రకం పొడితో కలిపి నూరి ఎక్స్‌రే యంత్రంలో పెడితే, తెరమీది గీతలో అంతకుముందు లేని శిఖరాలు లేచాయి. కొత్త స్ఫటికం కట్టిందన్నమాట. ఎడమ రకంతో నూరితే ఏ మార్పూ లేదు. రంజిత ఆ మధ్యాహ్నమే మీటింగులో చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

టీమ్ లీడర్ అభిషేక్ ఆమె నోట్‌బుక్ ముందు పెట్టుకుని తానూ నూరాడు. ఏమీ రాలేదు. మూడు రోజులు నూరాడు. అయినా రాలేదు.

"రంజితా, ఇదంతా నీ చేతి మహిమ అనుకుంటా. పేటెంట్‌లో నీ చెయ్యి కూడా రాసేద్దామా?" అన్నాడు. అందరితో పాటు రంజితా నవ్వింది. కానీ ఆ సాయంత్రం మెట్రోలో తన స్టేషన్ చిక్కపేట దాటి మెజెస్టిక్ వచ్చేదాకా ఆమెకు దిగాలని గుర్తు రాలేదు.

ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు. మిక్సీ మూగబోయింది. జయమ్మ రోలు కడిగి సిద్ధంగా ఉంది.

"రా అమ్మీ. జీతం తీసుకునే చెయ్యి నీది, నువ్వే రుబ్బు."

రంజిత వేయించిన శెనగపప్పు, మిరపకాయలు వేసి రుబ్బసాగింది. పొడి రోలు అంచులకు ఎగబాకింది గానీ ఒక్కటి కాలేదు.

"నీళ్లు చిలకరించవే! తడి లేకుండా రుబ్బితే పప్పు పప్పుగానే ఉంటాది, కారం కారంగానే ఉంటాది."

రంజిత చెయ్యి ఆగిపోయింది. శిఖరాలు లేచిన రోజు కల్వం గోడకు అంటుకున్న పొడి కిందికి జారాలని రెండు చుక్కలు ఆల్కహాలు వేసింది. నోట్‌బుక్‌లో రాయలేదు.

పొద్దున్నే అభిషేక్ టేబుల్ దగ్గర నిలబడింది. "తప్పు నాది సార్. రెండు చుక్కలు ఆల్కహాలు వేసినా, రాయలేదు."

అతను భుజం నొక్కుకున్నాడు. "మూడు రోజులుగా నా భుజం నీ పేరే జపిస్తోంది తెలుసా?" అన్నాడు. తర్వాత తనే చుక్కలు వేసి నూరాడు. శిఖరాలు లేచాయి.

ఆ పైవారం రెండు రకాలూ కలిసిన మందును ఆ ఆమ్లంతో పాటు వేడి ఆల్కహాలులో కరిగించి, నెమ్మదిగా చల్లార్చారు. అడుగున తెల్లని పలుకులు దిగాయి. పరీక్షిస్తే అందులోని మందులో వందకు తొంభై ఆరు పాళ్లు కుడి రకమే. రంజిత ఆ లెక్క రెండుసార్లు చూసుకుంది, రెండుసార్లూ రాసుకుంది.

సాయంత్రం అవ్వకు ఫోన్లో ఫోటో చూపించింది.

"కలకండ మాదిరి ఉండాదే! తియ్యగుంటాదా?"

"లేదవ్వా, చేదంట."

"ఇంత కష్టపడి చేదు చేసినావా అమ్మీ!" అంటూ జయమ్మ ఫోను తిరిగి ఇవ్వబోయింది. అంతలోనే వెనక్కి లాక్కుని, గుమ్మంలోకి వెళ్లి పక్కింటి ఆమెను కేకేసింది.

"చిక్కమ్మా, ఇట్ల రా! మా పిల్ల ఏం చేసిందో చూద్దువు గానీ."