బంతిలో చోటు

"అక్కడ ఎవరైనా వయసడిగితే ముప్పైతొమ్మిదే సెప్పు. మర్సిపోకు," అన్నాడు వీరబాబు, ఇస్త్రీ చొక్కా కోసం చెయ్యి చాపుతూ.

నరసాయమ్మ చొక్కా అందించింది. ఇరవై ఒక్క ఏళ్ళుగా మర్చిపోనిది ఇవాళెందుకు మర్చిపోతుంది? ఆమెకి నలభై నాలుగు, అతనికి నలభై రెండు. మేనత్త కొడుకే. చిన్నప్పుడు "వదినా, వదినా" అంటూ ఆమె పరికిణీ పట్టుకుని తిరిగినవాడే. మేనరికం వదులుకోలేక పెళ్ళయితే చేశారు గానీ, "మొగుడికన్నా పెల్లాం పెద్దదంటే ఊళ్ళో నవ్వుతారే. ఐదేళ్ళు తగ్గించి సెప్పు, నీ సొమ్మేం పోయింది?" అంది మేనత్త, అత్తగారయిన మొదటి వారంలోనే. ఆధార్‌లో ఆ వయసే, పాస్‌పోర్టులో ఆ వయసే.

ఏం పోయిందో నరసాయమ్మకి బాగా తెలుసు. నాలుగు మాటలు వరసగా మాట్లాడితే చాలు, "చిన్నదానివి, నీకేం తెల్సు?" అంటాడు. ఈ అరబ్బు దేశంలో ఆరు రోజులు జల్లాఖ్ రిసార్టులో గదులు తుడిచి నడుం పట్టేసినా, ఏడో రోజు సిత్రా కూలీల క్యాంపు నుంచి అతని స్నేహితులు జిదాఫ్స్‌లోని వీళ్ళ గదికి భోజనానికి దిగుతారు. "చిన్నదానివి, ఓపికున్నదానివి, నిలబడి వడ్డించు." వాళ్ళు తిని, త్రేన్చి, వెళ్ళాక ఏ మూడింటికో పొయ్యి పక్కన నిలబడి గిన్నె అడుగు ఊడ్చుకుంటుంది. అబద్ధం ఆడమన్నది వాళ్ళు, చిన్నదైపోయింది తను. తలుచుకుంటే ఒళ్ళు మండేది.

ఈ శుక్రవారం మాత్రం పొయ్యి వెలగలేదు. రిసార్టులో ఆమెతోపాటు పనిచేసే జ్ఞానమాయ పండగ భోజనానికి పిలిచింది. ఆమెది ఖాట్మండూ పక్క ఊరు, వాళ్ళు నేవార్లనే తెగవాళ్ళు. మాంసమే నాలుగు రకాలని విని వీరబాబూ బయల్దేరాడు.

మనామాలో ఒక మేడ మీది హాలు. నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఒకటే చాప, దాని ముందు వరసగా విస్తళ్ళు. కుట్టిన ఆకుల్ని చూడగానే నరసాయమ్మకి ప్రాణం లేచొచ్చింది. అలవాటు ఊరుకోదు కదా, కొంగు బిగించి అటుకుల బుట్ట అందుకోబోయింది.

జ్ఞానమాయ బుట్ట లాగేసుకుని హిందీలో నవ్వుతూ కసిరింది. "ఇవాళ వడ్డించేది మేము. నువ్వు కూర్చో. మా బంతిలో వయసే వరస. అందరికన్నా పెద్దవాళ్ళు ఆ చివర, తర్వాత వాళ్ళకన్నా చిన్నవాళ్ళు. ముందు పెద్దలకే వడ్డిస్తాం. ఆఖరి మనిషి తినేదాకా ఎవ్వరూ లేవకూడదు, లేస్తే బంతిని అవమానించినట్టే."

మొదటి చోట బంగారప్పని చేసే ముసలాయన కూర్చున్నాడు. ఒక్కొక్కరూ వయసు చెప్పి సర్దుకుంటున్నారు. వీరబాబు నలభై రెండు చెప్పి కూర్చున్నాడు. జ్ఞానమాయ నరసాయమ్మ వైపు తిరిగింది.

"ముప్పైతొమ్మిది," అన్నాడు వీరబాబు, ఆమెనడిగితే తనే అందుకుని.

జ్ఞానమాయ అతని కింద చోటు చూపించింది. నరసాయమ్మ ఆ విస్తరి వైపు చూసింది. ఎదుటివాళ్ళెవరో తెలియదు, ఊరు కాదు, నవ్వేవాళ్ళు లేరు. ఇక్కడ కూడా తగ్గితే ఇంకెక్కడ పెరుగుతుంది? నోరు తెరిచింది.

"నలభై నాలుగు."

"ఏటే, మతి పోయిందా?" పళ్ళ మధ్య నుంచి అన్నాడు వీరబాబు.

"అత్తని అడుగు. నీకన్నా రెండేళ్ళ ముందే పుట్టాను," అని అతన్ని దాటుకుని పైకి నడిచింది. ఇద్దరు నేపాలీలు జరిగి చోటిచ్చారు. ఇప్పుడు వాళ్ళిద్దరూ అతనికీ ఆమెకీ మధ్యన ఉన్నారు.

అటుకులు ముందు ఆమె విస్తట్లో పడ్డాయి, తర్వాతే అతని విస్తట్లో. నల్ల సోయా గింజలు, అల్లం, బంగాళాదుంప కూర. "ఇది దున్నపోతుది, నీకొద్దు. ఇది మేకది, తిను," అని జ్ఞానమాయ విడమర్చి వేసింది. ముక్కున్న ఇత్తడి చెంబును ఒకావిడ తలెత్తున పట్టుకుని గిన్నెల్లోకి ధార కట్టింది. వాళ్ళ ఊళ్ళో అయితే సారా అట, ఇక్కడ పండ్లరసం.

నరసాయమ్మ తింది. గబగబా కాదు, గింజ గింజా నమిలి తింది. కూర్చుని, వేడిగా, ఒకరు వడ్డిస్తుండగా తినడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, తుడుచుకుని మళ్ళీ అటుకులు వేయించుకుంది.

అందరి విస్తళ్ళూ ఖాళీ అయ్యాయి. ముసలాయన చేతులు ఒళ్ళో పెట్టుకుని నిదానంగా కూర్చున్నాడు. నరసాయమ్మ ముందు మాత్రం పెరుగు మిగిలి ఉంది. వీరబాబు ముందుకి వంగి ఆమెను చూశాడు.

"ఇంక సాల్లే, లే! ఇంటికి పద, నీ సంగతి సెప్తాను," అంటూ మోకాలి మీద చెయ్యి ఆనించి లేవబోయాడు.

బంతి మొత్తం అతని వైపు తిరిగింది.

నరసాయమ్మ పెరుగులో వేళ్ళు ముంచి, తలెత్తకుండా అంది.

"కూకో వీరబాబూ. పెద్దదాన్ని, ఇంకా తింటన్నాను."