నాణెం పక్కన తాళంచెవి

ఈ పాపం ముగ్గురిది. హోంవర్కు ఫోన్లోనే వస్తుంది, ఏడో తరగతిలో ప్రతి పిల్లకీ ఫోను ఉండి తీరాలి అని చీటీ పంపిన హెడ్మాస్టరుగారిది. "పదమూడు నిండకపోతే ఈ యాప్ తెరుచుకోదక్కా" అంటూ పన్నెండేళ్ళ పిల్ల పుట్టిన సంవత్సరాన్ని నాలుగేళ్ళు వెనక్కి నొక్కేసిన ఫోన్ల కొట్టువాడిది. ఆ అబద్ధాన్ని కిక్కురుమనకుండా మింగి తలుపులు బార్లా తీసిన యాప్ కంపెనీవాళ్ళది. తాళాలక్కను తప్పుపట్టేవాళ్ళు ముందు ఈ ముగ్గురినీ నిలదీసి రావాలి.

తాళాలక్క బస్టాండు గోడ పక్కన డబ్బాకొట్టులో తాళంచెవులు కోస్తుంది. భర్త లారీ ఎక్కితే వారానికిగానీ ఇల్లు చేరడు. ఆ వీధిలో సగం ఇళ్ళ తాళంచెవులు ఆమె చేతిమీదుగా పోయినవే. అందుకే ఆమెకో పట్టుదల. కస్టమరు తాళంచెవి ఇంకొకరి కంట పడకూడదు. పని మధ్యలో ఎవరైనా వస్తే దాన్ని బోర్లా తిప్పి గుడ్డ కప్పేస్తుంది. పళ్ళు సరిగ్గా కనిపిస్తే చాలు, పని తెలిసినవాడు ఇంకోటి కోసేస్తాడు. కూతురికి ఈ మాట ఉగ్గుపాలతో రంగరించి పోసింది.

ఫోను కొన్ననాడు కూడా తాళం సంగతే అడిగింది. ఎనిమిది అంకెల లాకు పెట్టించి, ఇక ఎవడు తెరుస్తాడో చూద్దాం అనుకుంది. లోపల పిల్ల పెట్టే ఫొటోలు లోకమంతా చూస్తుందని ఆమెకు ఒక్కడూ చెప్పలేదు.

పదిహేను రోజులు తిరక్కుండానే పిల్ల అన్నం తింటూ ఫోను బోర్లా పెట్టడం మొదలుపెట్టింది. తాళాలక్క మనసు కీడు శంకించింది. దాచాల్సింది ఉంటే తనూ బోర్లాయే పెడుతుంది కదా.

ఆదివారం కొట్లో అడిగేసింది. "ఏమే, ఎవరితో ఆ ముచ్చట్లు?"

"ఫ్రెండమ్మా. వేరే స్కూలు. తనూ సెవెంతే. ఇదిగో, పిల్లిపిల్ల ఫొటో పెట్టుకుంది. నీ మిషను వీడియో పెడితే ఎంత మెచ్చుకుందో!"

"పిల్లిపిల్ల బాగుందిగానీ, ఆ పిల్లకి మొహం లేదా?"

"అబ్బా, నీకు పాలప్యాకెట్టు మీదా అనుమానమే!"

"ఇటివ్వు."

మొదట్లో అన్నీ ముద్దుమాటలే. మీ అమ్మ సూపర్, నువ్వు లక్కీ. ఆ తర్వాత, మీ కొట్టు ఎన్నింటికి కట్టేస్తారు? ఏడింటికి. అప్పటిదాకా ఇంట్లో నువ్వొక్కదానివేనా? పాపం, బోరు కొట్టదూ? తాళాలక్క వేలితో ఇంకా కిందికి జరిపింది.

నాకూ ఆ పని నేర్పవా? ఒక తాళంచెవి తెల్లకాగితం మీద పెట్టి, పక్కన నాణెం పెట్టి, సరిగ్గా పైనుంచి ఫొటో తియ్యి.

నాణెంతో ఏడో తరగతి పిల్లకేం పని? అది కొలత. నాణెం ఎంత వెడల్పో అందరికీ తెలుసు. దాన్నిబట్టి ఒక్కో పంటి లోతూ పట్టేయొచ్చు. ఎన్నో ఏళ్ళుగా ఆకురాయి పట్టిన మనిషికి, అవతలున్నది పిల్ల కాదని అక్కడే తెలిసిపోయింది.

"పంపావా?"

"ఊఁ."

"ఎవరిదే? మందుల షాపాయనదా?"

"ఛ! కస్టమర్లవి చూపిస్తానా? నువ్వే చెప్పావుగా. మనింటిదే పెట్టా."

కొట్టడానికి లేచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పిల్ల ఆమె మాట జవదాటలేదు. అక్షరాలా పాటించింది.

"ఇల్లెక్కడో చెప్పావా?"

"లేదమ్మా... వీడియోలో మన కొట్టు బోర్డు మాత్రం పడింది."

డబ్బాకొట్టు మూతపడింది. మధ్యాహ్నానికల్లా ఇంటి తలుపుకి కొత్త తాళం బిగిసింది. మాటలన్నీ చూపించి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. కంపెనీకీ పంపించింది. సాయంత్రానికి వాళ్ళ జవాబు వచ్చింది. మా నియమాలకు విరుద్ధంగా ఏమీ కనిపించలేదు, అని.

సోమవారం పొద్దున్నే పాత తాళం హెడ్మాస్టరు బల్ల మీద ఠంగుమంది.

"ఇదేంటమ్మా?"

"నిన్నటిదాకా మా ఇంటి తాళం సార్. మీ హోంవర్కు పుణ్యమా అని ఇనుప సామాన్లోకి పోయింది." జరిగిందంతా చెప్పింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పిల్లల్ని మీరే కనిపెట్టుకోవాలి కదమ్మా."

"తాళాలు వేసుకునే బతుకు సార్ నాది, నాకు చెప్తారా? మీరు కొనమన్నారు, కొన్నాను. ఆ పిల్లిపిల్లకి ఈ క్లాసులోనే పదకొండుమంది ఫ్రెండ్సున్నారు. పేర్లు రాసుకొచ్చాను. వాళ్ళలో ఎవరు ఏ ఫొటో పంపారో మీకు తెలుసా?"

ఆయన పేర్ల కాగితం అందుకున్నాడు.

"ఆ పదకొండుమంది అమ్మానాన్నల్నీ ఇప్పుడే పిలిపించండి. మధ్యాహ్నం దాకా ఆగడాల్లేవు. హోంవర్కు ఇవాళ్టి నుంచి బోర్డు మీద రాయించండి. ఫోను ఉండి తీరాలన్న చీటీ రద్దు చేశామని మీ సంతకంతో కాగితం ఇవ్వండి. అది నా చేతికొచ్చేదాకా ఈ తాళమూ కదలదు, నేనూ కదలను. కలం తియ్యండి సార్."