నాన్న వేడి చేసిన కారు

బట్టల సంచి గుమ్మం పక్కన పెట్టాలి. ఆసుపత్రి కాగితాలు అందులో వేయాలి. మేం లేనప్పుడు ఇల్లు చూడమని పక్కింటావిడకు చెప్పాలి. అన్నిటికంటే ముందు కారు సంగతి తేల్చాలి.

అక్కకు నెలలు నిండాయి. కారేమో ఒకపూట బుద్ధిగా స్టార్టవుతుంది, ఇంకోపూట టక్ టక్‌మని ఊరుకుంటుంది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. చదివింది లెక్కలే అయినా, ఏది మొరాయించినా నన్నే పిలుస్తారు.

"పెట్రోలు మంచిది కాదేమో," అంది అమ్మ.

"స్టార్టరు పోయుంటుంది," అన్నాడు బాబాయి, కుర్చీలోంచి లేవకుండా.

"మీ మీటింగు అయ్యేలోపు నేను నడిచెళ్లిపోతాలే," అంది అక్క.

నాకు కాలు నిలవలేదు. బ్యాటరీ తీగల కొసలు విప్పి, పట్టిన తెల్లటి పొడి గీకి, మళ్లీ బిగించాను. మర్నాడు పొద్దున చలిలో మళ్లీ అదే పాట. హెడ్‌లైట్లు వేసి, నాన్నను తాళం తిప్పమన్నాను. తిప్పగానే లైట్లు కొడిగట్టాయి. మీటరు పెట్టి చూస్తే, ఊరికే ఉన్నప్పుడు పన్నెండు వోల్టుల పైన చూపించింది, తాళం తిప్పగానే ఎనిమిదికి జారిపోయింది. మంచి బ్యాటరీ అయితే పదికి దిగువకు పోదు. స్టార్టరు తప్పు కాదు. బ్యాటరీ నీరసించింది. ఎండెక్కాక ఎలాగో లాక్కొస్తోంది, అంతే.

"ఈ బ్యాటరీ వేయించి ఏడాది కూడా కాలేదు కదా నాన్నా, ఎందుకిలా?"

"ఏమో మరి. నేను జాగ్రత్తగానే చూస్తున్నా. రోజూ తెల్లారగానే స్టార్ట్ చేసి, రెండు నిమిషాలుంచి ఆపేస్తున్నా. అక్కకు అవసరమైనప్పుడు మొండికెయ్యకూడదని."

అక్క పుట్టింటికి వచ్చినప్పటినుంచి కారు వీధి దాటలేదు. స్టార్టవడానికి పోయిన బలం ఆ కాసేపట్లో తిరిగి చేరదు. రోజూ బిందెడు తోడి చెంబెడు పోసినట్టయింది. ఆ మాటే చెప్పాను.

నాన్న బానెట్ మీద చేయి వేశాడు.

"అయితే నేనే చంపానన్నమాట."

ఆ సాయంత్రమే కొత్త బ్యాటరీ వేయించాం. అయినా నాకు నిద్ర పట్టలేదు. నాన్న కారు వైపే పోలేదు. తెల్లవారుతుండగా అక్కకు నొప్పులు మొదలయ్యాయి. ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టాక, నాన్న తాళంచెవి బాబాయి చేతిలో పెట్టబోయాడు.

"నువ్వు తిప్పరా. నా చెయ్యి వద్దు."

"నాన్నా," అంది అక్క పళ్ల బిగువున, "నువ్వు తిప్పుతావా, ఇక్కడే కనమంటావా?"

ఆయన తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది.

మనవరాలు పుట్టాక కూడా బాబాయి ఆయన్ని 'బ్యాటరీ హంతకుడు' అనే ఏడిపిస్తాడు. నాన్న నవ్వేస్తాడు. చలిలో అందరికంటే ముందు లేచి, కూతురి కోసం రోజూ ఆ తాళం తిప్పిన మనిషిని మీరు గుర్తుంచుకోండి.