దండెమెక్కిన పొర

నేను ఒక పలచని పొరను. చూడటానికి లేతపచ్చ రేకులా ఉంటాను. ప్లాస్టిక్‌లో రెజిన్ పొడి కలిపి, సాగదీసి, ఒక కార్ఖానాలో నన్ను తయారుచేశారు. ఉప్పునీటికి కరెంటు పెడితే ఉప్పులోని రెండు పాళ్లూ విడివడి చెరోవైపు పరుగెడతాయి. ఒకదానికి నేను దారి ఇస్తాను, రెండోదానికి నా పక్కపొర ఇస్తుంది. మేమంతా పేకముక్కల్లా వరుసగా నిలబడితే నడుమ మంచినీరు మిగులుతుంది. మనుషులు మాత్రం ఆ ఘనతంతా మోటారుకే కట్టబెడతారు.

నేను ఈమధ్యే చేరింది బాపట్ల దగ్గర సముద్రపుటొడ్డు పల్లెకు. మా యంత్రం ఉండేది వజ్రమ్మ పెరటి గదిలో, చూసుకునేదీ ఆమే. ఇక తెల్లవారితే ఆమె కోడలు హైమకు సీమంతం. మేము రాకముందు, నిశ్చితార్థంనాడు ఉప్పటి బోరునీళ్లలో పప్పు ఉడకక, హైమ తల్లి అనసూయమ్మ పదిమందిలో, "నమిలేది పప్పా, గులకరాళ్లా వదినా?" అంది. ఆ మాట వజ్రమ్మకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఈసారి పప్పు వెన్నలా ఉడికి తీరాలి.

శుభకార్యమంటే ఆ ఊళ్లో ముందు ఇల్లంతా కడిగి, కడిగినవన్నీ ఎండబెట్టాలి. వజ్రమ్మ మమ్మల్నీ వదల్లేదు. యంత్రం విప్పి, ఒక్కొక్కరినీ తోమి, దండెం మీద ఆరేసింది. తడి ఆరితే మా ప్రాణం పోతుందని ఆ తల్లికి తెలియదు. చూస్తుండగానే అప్పడంలా ముడుచుకున్నాను.

హైమ చూసి కెవ్వుమంది. "అత్తయ్యా! ఇవేమన్నా చీరలనుకున్నావా?"

"శుభ్రంగా ఉంటాయనే కదే!" అంటూనే వజ్రమ్మ మెకానిక్ మస్తాన్‌కు ఫోన్ చేసింది.

"ముందు బాగా ఉప్పగా ఉన్న నీళ్లలో నానెయ్యి పిన్నీ. మంచినీళ్లు పోశావో, ఒక్కసారిగా ఉబ్బి చిట్లిపోతాయి," అన్నాడతను.

"జన్మంతా తిట్టుకున్న నీళ్లకే దణ్ణం పెట్టమంటావుట్రా!" అంటూ ఆమె బోరునీళ్లలో మరింత ఉప్పు కలిపి గంగాళం నింపింది. సాయంత్రానికి మెత్తబడ్డాం. మస్తాన్ వచ్చి, ఎండకు చిట్లిన ఒక జంట పొరలను పక్కన పడేసి, మిగిలినవాళ్లను వరుస తప్పకుండా పేర్చాడు. యంత్రం కదిలింది.

మర్నాడు మా గది పక్కనే పందిరి. పప్పు వెన్నలా ఉడికింది. వజ్రమ్మ వియ్యపురాలి ముఖమే చూస్తోంది. అనసూయమ్మ ముద్ద మింగి, ఇంకో ముద్ద కలిపింది.

"పప్పు బాగా ఉడికింది గానీ, ఉప్పు చాల్లేదు వదినా."

నిజమే. ఇన్నేళ్లూ ఉప్పటి బోరునీళ్లతో వండిన అలవాటు కొద్దీ వజ్రమ్మ ఉప్పు దగ్గర చెయ్యి బిగబట్టింది. కానీ ఆమె చిన్నబోలేదు, పకపకా నవ్వింది. తను కాపురానికొచ్చాక ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది.

"ఏమర్రా, ఉప్పు పట్రండి! మా వదినగారు ఉప్పడుగుతోంది!" అని వీధంతా వినబడేలా కేకేసింది.

నేను అంత కష్టపడి తీసిన ఉప్పును, వాళ్లు అంత సంబరంగా మళ్లీ కలుపుకున్నారు.