రెండోసారి అడగని ప్రశ్న

మత్తిగిరి ఆంజనేయస్వామి గుడిలో పూవు అడిగే ఆచారం ఉంది. పూజారి స్వామి రెండు భుజాల మీదా తడి పూలు అంటించి, మన మనసులోని మాట విన్నవిస్తాడు. కుడిపక్క పూవు రాలితే సరే, ఎడమపక్క రాలితే వద్దు. ఒక మాట ఒక్కసారే అడగాలి. నచ్చలేదని మళ్లీ అడిగితే స్వామిని నమ్మనట్టే. నారాయణప్ప ఆవును కొన్నా, ఇంటికి పునాది తీసినా అట్లాగే అడిగినాడు.

ఆయన హోసూరులో ఇనుము పోతపోసే కంపెనీలో స్టోరు గుమాస్తా. తమ్ముడు శివప్ప అక్కడే పాత షెడ్డులో కొలిమి దగ్గర పని చేస్తాడు. కంపెనీ బ్యాంకుకూ, ఒక ఫైనాన్సు సంస్థకూ బాకీ పడింది. ఏ అప్పు ముందు తీర్చాలో, దేన్ని అమ్మాలో చెబుతుందని యజమాని చెన్నకేశవ ఎనభై ఆరులో కంప్యూటరు కొన్నాడు. దాన్ని నడపడానికి బెంగుళూరు నుంచి ప్రసాదు అనే ఇంజనీరు వచ్చినాడు.

ఆ రోజు స్టోరు సరుకు విలువ చెప్పడానికి నారాయణప్పను పిలిచినారు. కంప్యూటరు గది బయట చెప్పులు విడవమన్నారు. విడిచి, అలవాటుగా చేతులు జోడించినాడు.

ప్రసాదు నవ్వినాడు. "చెప్పులు విడవమన్నది లోపల దుమ్ము పడకుండానప్పా. దండం అక్కర్లేదు."

మొదటి కాగితం వచ్చింది. పాత షెడ్డు అమ్మి బ్యాంకు బాకీ తీర్చమని ఉంది. శివప్ప కొలిమి ఉండేది ఆ షెడ్డులోనే. ప్రసాదు వడ్డీ అంకె కొంచెం తగ్గించి మిషనును మళ్లీ అడిగినాడు. ఈసారి షెడ్డు ఉంచుకోమంది. ఆర్డర్లు తగ్గించి అడిగితే షెడ్డు బాడుగకు ఇమ్మంది.

"ఏందయ్యా ఇది? దీనికన్నా మా అత్తే నయం, పూటకొక్క మాటతో సరిపెడ్తాది!" అన్నాడు చెన్నకేశవ.

"ఇట్లయితే ఇట్ల అని చెప్తాది సార్. తీర్మానం మీదే."

"నాదే అయితే ఇంత దుడ్డు పోసి దీన్ని ఎందుకు కొన్నాను?" చెన్నకేశవ ఇటు తిరిగినాడు. "నారాయణప్పా, నువ్వు గుడిలో పూవు అడుగుతావే. రెండు మాట్లు అడిగితే రెండు రకాలుగా వస్తే?"

"రెండోసారి అడగం సార్. మొదట వచ్చిందే మాట."

చెన్నకేశవ అడుగున ఉన్న మొదటి కాగితం పైకి తీసినాడు. తాను ఏమన్నాడో నారాయణప్పకు అప్పుడు తెలిసింది.

"సార్, అది దేవుని సంగతి..."

"అయ్యో సార్, మళ్లీ మళ్లీ అడగడానికే గదా ఇది ఉండేది!" అన్నాడు ప్రసాదు.

"అడిగి అడిగే నాకు నిద్ర లేకుండా పోయింది. ఊరుకోప్పా," అని చెన్నకేశవ సంతకం పెట్టినాడు.

ఇంట్లో శివప్ప సంగటి ముందు కూర్చొని అడిగినాడు. "మా షెడ్డు అమ్మమని మిషను చెప్పిందంట గదా అన్నా?"

"మూడు రకాలుగా చెప్పిందిరా."

"మరి దీన్నే ఎట్ల పట్టుకున్నారు?"

"సారు నన్ను అడిగినాడు."

"నిన్నా? అంత మిషను పెట్టుకొనా?" శివప్ప నవ్వబోయి, అన్న ముఖం చూసి ఆగిపోయినాడు.

శనివారం నారాయణప్ప గుడికి పోయినాడు. నేను చెప్పింది సరేనా స్వామీ అని అడగాలనుకున్నాడు. సరే అంటే తమ్ముని ముఖం ఎట్లా చూసేది? కాదంటే, సంతకమైన కాగితాన్ని ఏం చేసేది? దేవుని నియమం మిషనుకు పనికిరాదా, మనిషికే మళ్లీ అడిగే ఓపిక లేదా?

పూజారి తడి పూలు చేతిలో పట్టుకొని ఉన్నాడు. "ఏమప్పా, అడగల్లా?"

నారాయణప్ప స్వామి భుజాల వైపు చూసినాడు.

"ఈ పొద్దు వద్దు సామీ. తీర్థం ఇయ్యండి, చాలు."